వానలో కారు జారడం, నీళ్ల మీద తేలడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, నిర్మల్ వైపు రోజూ కారు నడిపేవాళ్లకు వానాకాలంలో వచ్చే సందేహాలు ఇవి. ఎక్కువ మంది అడిగేది ‘కారు జారాక ఏం చేయాలి’ అని. జారాక చేయగలిగింది కొంచెమే. అందుకే జవాబుల్లో ఎక్కువ భాగం జారకముందు చూసుకోవాల్సిన వాటి గురించే ఉంటుంది.

కారు జారడం, నీళ్ల మీద తేలడం ఒకటేనా?

కాదు. మామూలుగా జారినప్పుడు టైరు రోడ్డును తాకుతూనే ఉంటుంది, తడి వల్ల పట్టు తగ్గుతుంది అంతే. స్పీడు తగ్గేకొద్దీ ఆ పట్టు మళ్లీ దొరుకుతుంది. తేలడం వేరు. టైరుకూ తారుకూ మధ్య నీటి పొర చేరి టైరును పైకి లేపుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా కారు పట్టించుకోదు. ఉన్న దిక్కునే పోతూ ఉంటుంది.

ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయి అంత ఉంటుంది. 185 మి.మీ. వెడల్పు టైరు, రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు, స్పీడు 80 అనుకోండి. ఆ టైరు సెకనుకు 12 లీటర్లకు పైగా నీళ్లను పక్కకు తొయ్యాలి. తొయ్యలేకపోయిన నీళ్లు టైరు ముందు గుమిగూడి, మెల్లగా దాని కిందికి చొరబడతాయి. టైరు మీద గాళ్లు ఉండేది ఆ నీళ్లకు దారి ఇవ్వడానికే.

ఎంత స్పీడులో తేలుతుంది?

దీనికి ఒక పాత లెక్క ఉంది. 1963లో నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో వాల్టర్ హార్న్ బృందం విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి తేల్చింది. టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందో ఆ అంకెకు వర్గమూలం తీసి 16.7తో గుణిస్తే, టైరు పూర్తిగా తేలే స్పీడు కిలోమీటర్లలో వస్తుంది. 36 పీఎస్‌ఐకి గంటకు 100, 32కి 94, 25కి 83. గాలి తగ్గితే తేలే స్పీడు కూడా తగ్గుతుందని ఈ లెక్కే చెబుతోంది.

అయితే 94 దాకా భయం లేదని దీన్ని చదవకూడదు. ఆ అంకె టైరు మొత్తంగా లేచిపోయే స్పీడు. దానికి చాలా ముందే టైరు ముందు సగం నీటి మీద, వెనక సగం తారు మీద ఉంటుంది. అరిగిన టైరుకు 65–70లోనే ఆ స్థితి రావచ్చు. జడివానలో నాలుగు లైన్ల రోడ్డు మీద కూడా 60–70 దాటొద్దు. నీళ్లు నిలిచి మెరుస్తున్న చోటు కనబడితే దాన్ని చేరేలోపే 50 కిందికి దిగాలి. నీళ్లలోకి దిగాక బ్రేకు తొక్కితే లాభం లేదు.

తడి రోడ్డు మీద గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందట, నిజమేనా?

నిజం కాదు. వానాకాలంలో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా లేదు. ఇసుకలో దిగబడిన బండికి గాలి తగ్గించడం సరైన పనే. తడి తారుకు అది వర్తించదు. గాలి తక్కువైన టైరు నడిమి భాగం లోపలికి వంగుతుంది, అంచులు మాత్రమే గట్టిగా నొక్కుకుంటాయి. ఆ నడిమి గుంతలోనే నీళ్లు ఇరుక్కుంటాయి. నీటిని చీల్చుకుని రోడ్డును చేరాలంటే టైరులో ఒత్తిడి ఉండాలి.

చాలామందికి తెలియకుండానే గాలి తగ్గి ఉంటుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో 32 పీఎస్‌ఐ కొట్టించారనుకోండి. జూలై ముసురులో 25 డిగ్రీలకు వచ్చేసరికి చలికే దాదాపు రెండున్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. నెలకు ఒకటి చొప్పున మామూలుగా కారిపోయేది కలుపుకుంటే టైరు 28 దగ్గర ఉంటుంది. పంక్చర్ లేదు, చూపుకు తేడా తెలియదు, కానీ తేలే స్పీడు ఆరు కిలోమీటర్లు పడిపోయింది. కాబట్టి వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూపించాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపలి వైపున ఉంటుంది. అందులో రాసినంతే కొట్టించాలి. టైరు పక్కగోడ మీద కనిపించేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, అది కొట్టించాల్సిన కొలత కాదు. బండి మూడు గంటలు ఆగి ఉన్నాక, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడవకముందు చూస్తేనే సరైన అంకె వస్తుంది. నైట్రోజన్ అయినా మామూలు గాలి అయినా ఈ విషయంలో తేడా లేదు.

పట్టు కోసం స్టిక్కరు కంటే ఎక్కువ కొట్టించడమూ తప్పే. టైరు ఉబ్బి రోడ్డును తాకే చోటు తగ్గుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది.

టైరు గాళ్లు ఎంత మిగిలి ఉండాలి?

మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. కొత్త టైరుకు 7–8 మి.మీ. ఉంటుంది. మా మాట 3 మి.మీ. దగ్గరే మార్చమని. ఎండలో 2 మి.మీ. టైరు కూడా బాగానే నడుస్తుంది, అందుకే ‘ఇంకో ఏడాది వస్తుంది’ అనిపిస్తుంది. జూలై వానలో అదే టైరు గుండు టైరుతో సమానం. ఏడాదిలో ఎలాగూ మార్చేదే అయితే అక్టోబరులో కాకుండా మేలో మార్చండి. ఖర్చు అంతే, వానాకాలం కలిసొస్తుంది.

కొలవడానికి డెప్త్ గేజ్ అనే చిన్న సాధనం దొరుకుతుంది. అది లేకపోయినా టైరు అంచున ‘టీడబ్ల్యూఐ’ అనే అక్షరాలో చిన్న త్రికోణం గుర్తో వెతకండి. దానికి ఎదురుగా గాడి అడుగున అడ్డంగా రబ్బరు దిమ్మె ఉంటుంది. దాని ఎత్తు 1.6 మి.మీ. పై రబ్బరు ఆ దిమ్మెతో సమానమైపోతే టైరు పని అయిపోయినట్టే.

బయటి నుంచి చూసి బాగుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలైన్‌మెంట్ తప్పిన కారు లోపలి అంచును తినేస్తుంది. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, కారు ఆపి, ముందు టైరు లోపలి అంచు మీద చేత్తో తడమండి. బయట 5 మి.మీ. కనబడుతున్నా లోపల నున్నగా తగిలితే ఆ టైరు వానకు పనికిరాదు. వెనక టైర్లకు ఇదే పరీక్ష జాకీ మీద చేయించాలి. గాళ్లలో ఇరుక్కున్న కంకరను స్క్రూడ్రైవరుతో తీసేయండి.

వయసు కూడా చూడాలి. పక్కగోడ మీద ‘డాట్’ అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. రామగుండం, మంచిర్యాల ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. తక్కువ తిరిగే కార్లలో గాళ్లు పూర్తిగా ఉండి రబ్బరు మాత్రం బిరుసెక్కి ఉంటుంది. ఆరేళ్లు దాటిన టైరును గాళ్లు చూసి నమ్మొద్దు.

రెండే టైర్లు కొంటున్నాం. ముందు వేయించాలా, వెనకా?

వెనక. ముందు చక్రాలు లాగే కారైనా సరే వెనకే. షాపులో ‘ఇంజిన్ ముందుంది కాబట్టి ముందు వేద్దాం’ అంటారు, ఒప్పుకోవద్దు. ముందు టైర్లు తేలితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే కొంతసేపటికి సర్దుకుంటుంది. వెనకవి తేలితే కారు బొంగరంలా తిరుగుతుంది, దాన్ని ఆపడం అనుభవం ఉన్న డ్రైవరుకే కష్టం.

మన రోడ్ల మీద నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయి?

రోడ్డును నడుమ ఎత్తుగా లేదా ఒక పక్కకు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకు ఆ వాలు నూరు మీటర్లకు రెండు, రెండున్నర మీటర్లు. అంటే మూడున్నర మీటర్ల లైనుకు ఏడెనిమిది సెంటీమీటర్లు. ఆ కాస్త వాలు ఎక్కడ చెడితే అక్కడ నీళ్లు ఆగుతాయి.

మొదటిది చక్రాల చాళ్లు. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ చుట్టుపక్కల, బొగ్గు టిప్పర్లు తిరిగే భూపాలపల్లి–పరకాల రోడ్డు మీద, గోదావరిఖని వైపు, ఇసుక లారీల దారుల్లో తారు ఎండకు మెత్తబడి, బరువుకు చాళ్లు పడుతుంది. చాలు లోతు రెండు సెంటీమీటర్లే ఉన్నా వానకు నిండుతుంది. మన కారు రెండు పక్కల చక్రాలూ సరిగ్గా ఆ చాళ్లలోనే నడుస్తాయి. అలాంటి చోట లైనులోనే ఒక అడుగు పక్కకు జరిగి గట్టు మీద నడపాలి.

రెండోది మలుపుల దగ్గర. వరంగల్–హైదరాబాద్ 163వ నంబరు జాతీయ రహదారి లాంటి డివైడరు ఉన్న రోడ్డు మీద మలుపు వచ్చినప్పుడు రోడ్డు మొత్తాన్ని మలుపు లోపలి వైపుకు వాలుస్తారు. అప్పుడు ఒక వైపు రోడ్డు నీళ్లన్నీ డివైడరు పక్కకు, అంటే స్పీడుగా పోయే లైనులోకి చేరతాయి. డివైడరు కింద నీళ్లు పోయే కన్నాలు మట్టితో మూసుకుంటే అక్కడ చిన్న కాలువే తయారవుతుంది. మలుపు మొదలయ్యే ముందు ఇంకో ఇబ్బంది ఉంది. వాలు ఒక పక్క నుంచి రెండో పక్కకు మారేటప్పుడు కొన్ని మీటర్లు రోడ్డు పూర్తిగా చదునుగా ఉంటుంది. నీళ్లు ఎటూ పోలేవు. మలుపులోకి వంగుతూ స్టీరింగ్ తిప్పే చోటే ఇది వస్తుంది కాబట్టి, మలుపు కనబడగానే ఎడమ లైనులోకి వచ్చి స్పీడు తగ్గించుకోవాలి.

ఇంకా వంతెన మొదట్లో కుంగిన చోటు, కల్వర్టు దగ్గరి పల్లం, ఊరి మధ్యలో రోడ్డు కంటే పక్క మట్టి ఎత్తైన చోటు, స్పీడు బ్రేకరుకు ఎగువ పక్క, రోడ్డు పనులు జరిగే చోట డైవర్షన్లు.

ముందే పసిగట్టడానికి ముందు బండి టైర్లను చూడండి. తారు మీద వాటి జాడ కనబడి వెంటనే చెరిగిపోతుంటే నీళ్లు లోతుగా ఉన్నట్టు. జాడ కొంతసేపు నిలిస్తే పొర పలుచగా ఉంది. చాళ్లు లేని రోడ్డు మీద ఆ జాడలోనే నడపడం మంచిది, ముందు బండి అప్పటికే నీళ్లు తోసేసి ఉంటుంది. చాళ్లున్న రోడ్డు మీద గట్టు మీదికి జరగడమే మంచిది. ఏది పాటించాలో రోడ్డును చూసి నిర్ణయించుకోవాలి.

తొలకరి వానకే ఎందుకు ఎక్కువ జారుతుంది?

ఎండాకాలమంతా రోడ్డు మీద ఇంజిన్ ఆయిలు, డీజిలు, టైరు రబ్బరు పొడి, దుమ్ము పేరుకుని ఉంటాయి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే అవన్నీ కలిసి జిగురు పొర అవుతుంది. పెద్ద వాన పడితే అరగంటలో కడుక్కుపోతుంది. తుంపర పడి ఆగిపోతే ఆ జిగట అలాగే ఉంటుంది, అందుకే జడివాన కంటే తుంపరలో కార్లు ఎక్కువగా జారుతాయి. ఆర్టీసీ బస్సులు ఆగే చోట, సిగ్నళ్ల దగ్గర, టోల్ గేట్ల దగ్గర ఆయిలు ఎక్కువ కారుతుంది. అక్కడ ముందు నుంచే మెల్లగా బ్రేకు మొదలుపెట్టండి. తెల్ల గీతల రంగు, ఇనుప మూతలు, నాచు పట్టిన సీసీ రోడ్లు కూడా తడిస్తే జారుడే.

నాట్లప్పుడు రోడ్డు మీద బురద, కోతలప్పుడు వడ్లు, గడ్డి ఉంటాయి. వాటి మీద ఎలా నడపాలి?

జూలై, ఆగస్టుల్లో పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కే చోట కొన్ని మీటర్ల పాటు బురద ముద్దలు పడి ఉంటాయి. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి అయితే టైరు గాళ్లలో అతుక్కుని వాటిని పూడ్చేస్తుంది. ఆ తర్వాత తడి రోడ్డు మీద కొంత దూరం టైరు గుండు టైరులాగే నడుస్తుంది. బురద దాటగానే స్పీడు పెంచకండి, మట్టి విదిలిపోయే దాకా 40లో పోనివ్వండి.

అక్టోబరు, నవంబరులో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద తుపాను వాన పడితే గింజలు, గడ్డి చక్రాల కింద దొర్లుతాయి. రాత్రిపూట వడ్ల కుప్పకు కాపలాగా పెట్టిన రాళ్లు, నల్ల పట్టాలు లైట్లకు సరిగా ఆనవు. రెండు చక్రాలు వడ్ల మీద, రెండు తారు మీద ఉండగా గట్టిగా బ్రేకు కొడితే కారు తారు వైపుకు గుంజుతుంది. ముందే తగ్గించుకుని, కుప్పను పూర్తిగా తప్పించి పొండి.

స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైంది, కారు తేలుతోంది. ఏం చేయాలి?

తేలేటప్పుడు స్టీరింగ్ బరువు పోయి చేతికి ఖాళీగా అనిపిస్తుంది. కారు లాగకుండానే ఇంజిన్ చప్పుడు పెరుగుతుంది. టైర్ల కింద సరసర శబ్దం మారుతుంది.

1. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. చటుక్కున తీయకండి.
2. బ్రేకు తొక్కకండి.
3. స్టీరింగ్‌ను రోడ్డు ఎటు పోతే అటు తిన్నగా పట్టుకోండి. స్పందించడం లేదని ఎక్కువ తిప్పారా, టైరు మళ్లీ తారును తాకిన క్షణంలో కారు ఆ తిప్పిన వైపుకు ఎగిరిపడుతుంది. తేలడం కంటే దీనివల్లే ఎక్కువ కార్లు డివైడరు ఎక్కుతాయి.
4. గేర్ల బండి తక్కువ గేరులో ఉంటే క్లచ్ తొక్కండి. ఇంజిన్ వెనక్కి లాగడం ఆగి చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి.
5. స్టీరింగ్‌కు బరువు తిరిగొచ్చాక, అప్పుడు మాత్రమే, తేలిగ్గా బ్రేకు.

ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ కొద్దిసేపు ఏమీ చేయకుండా ఉండటమే కష్టం.

వెనక భాగం పక్కకు కొట్టుకుపోతే?

వెనక భాగం కుడికి పోతే స్టీరింగ్ కుడికి, ఎడమకు పోతే ఎడమకు, కొంచెమే తిప్పాలి. చూపు గుద్దుకోబోయే చెట్టు మీద కాకుండా పోవాల్సిన దారి మీద ఉంచండి, చేతులు దాని వెంటే పోతాయి. కారు సర్దుకోవడం మొదలవగానే స్టీరింగ్‌ను తిన్నగా తెచ్చేయాలి. ఆలస్యమైతే రెండో పక్కకు ఇంకా జోరుగా ఊగుతుంది. బొలేరో, స్కార్పియో, క్రిస్టా లాంటి వెనక చక్రాలు నెట్టే బండ్లలో ఖాళీగా పోతున్నప్పుడు ఇది ఎక్కువ. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడమే చాలు.

మా కారుకు ఏబీఎస్, ఈఎస్‌పీ ఉన్నాయి. ఇంకా భయమెందుకు?

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, బ్రేకు తొక్కుతూనే పక్కకు తప్పుకునే వీలిస్తుంది. ఈఎస్‌పీ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును తిరగకుండా ఆపుతుంది. రెండూ మంచివే. కానీ రెండూ టైరుకు రోడ్డు మీదున్న పట్టునే వాడుకుంటాయి. నాలుగు చక్రాలూ నీటి మీద ఉంటే వాటికి వాడుకోవడానికేమీ ఉండదు. ఏబీఎస్ ఉన్న కారులో కాలి కింద బ్రేకు గడగడ కొట్టుకుంటే కాలు తీయకండి, అలాగే నొక్కి ఉంచాలి.

కాలు పెట్టకుండానే ఒకే స్పీడులో నడిపే క్రూజ్ కంట్రోల్‌ను వానలో ఆపేయండి. స్పీడు తగ్గినట్టు అనిపిస్తే అది ఇంకా యాక్సిలరేటర్ ఇస్తుంది.

పెద్ద బండి, వెడల్పు టైర్లయితే తేలదు కదా?

వెడల్పు టైరు ఎక్కువ నీళ్లను తొయ్యాలి, గాళ్లు సమానంగా ఉంటే సన్న టైరు కంటే ముందే తేలుతుంది. అందం కోసం కంపెనీ సైజు కంటే వెడల్పు టైర్లు వేయించుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎత్తు బండిలో కూర్చుంటే స్పీడు తక్కువగా కూడా అనిపిస్తుంది. మీటరు చూసి నడపండి.

ముందు బండికి ఎంత దూరం ఉండాలి?

80లో పోతూ ఎండిన తారు మీద గట్టిగా బ్రేకు కొడితే కారు దాదాపు 35 మీటర్లలో ఆగుతుంది. తడి తారు మీద 60 దాటుతుంది. మీరు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చే ఒక్క సెకనులో ఇంకో 22 మీటర్లు పోతాయి. మొత్తం 85 మీటర్ల దాకా. అందుకే వానలో నాలుగు సెకన్ల దూరం ఉంచాలి. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటినప్పుడు నెమ్మదిగా లెక్క మొదలుపెట్టండి, నాలుగు అనేలోపు మీరు ఆ స్తంభాన్ని చేరకూడదు. స్పీడు 60కి తగ్గిస్తే తడి రోడ్డు మీద బ్రేకు దూరం 35 మీటర్లకు వస్తుంది.

నిర్మల్ మహబూబ్ ఘాట్ లాంటి దిగుడు రోడ్ల మీద?

దిగుడు మొదలుకాకముందే రెండో గేరో మూడో గేరో వేసుకోవాలి. మలుపు మధ్యలో గేరు తగ్గించి క్లచ్ ఠక్కున వదిలితే చక్రాలు జారతాయి. బ్రేకు పని మలుపుకు ముందే, తిన్నగా ఉన్న రోడ్డు మీదే ముగించండి.

వాగు పొంగి రోడ్డు మీదుగా పారుతుంటే దాటవచ్చా?

దాటొద్దు. పారే నీళ్లు 30 సెం.మీ. ఉంటే చిన్న కారును లేపి తోసేస్తాయి, 60 సెం.మీ. ఉంటే పెద్ద బండ్లే పోతాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మి.మీ. వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. అలాంటి రోజున కాజ్‌వే మీద నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పై నుంచి తెలియదు. చెరువు మత్తడి పోస్తున్న చోటా ఇంతే. ముందు లారీ దాటిందని కారు దాటదు.

కదలకుండా నిలిచిన నీళ్లు, లోతు తెలిసిన చోటు, చక్రంలో సగం కంటే తక్కువ అయితే మొదటి గేరులో ఆగకుండా మెల్లగా దాటండి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లలోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. దాటిన తర్వాత 20–30లో పోతూ బ్రేకును తేలిగ్గా నాలుగైదు సార్లు నొక్కితే తడి ఆరి బ్రేకులు మళ్లీ పట్టుకుంటాయి.

కారు జారి రోడ్డు దిగింది, ఎవరికీ ఏం కాలేదు. తర్వాత ఏం చూడాలి?

హజార్డ్ లైట్లు వేసి, అందరూ కారు దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. జారిన చోటే ఇంకో బండీ జారి వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి కారు వెనకా ముందూ నిలబడొద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కి, ఎక్కడైనా 112కి ఫోన్ చేయండి. కారు రోడ్డెక్కాక టైర్ల పక్కగోడలు రెండు వైపులా చూడండి. ఎక్కడైనా కోడిగుడ్డంత ఉబ్బు కనబడితే లోపలి దారాలు తెగినట్టే, ఆ టైరుతో హైవే మీదికి పోవద్దు, స్టెప్నీ వేసుకోండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా కారు ఒక పక్కకు గుంజుతుంటే అలైన్‌మెంట్‌తో పాటు చక్రాన్ని పట్టి ఉంచే టై రాడ్, లోయర్ ఆర్మ్ కూడా చూపించాలి. అవి వంగి ఉంటే అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు.